అప్‌డేట్: విజయనగరం స్టేషన్ దగ్గర ఖాళీ రైల్వే స్థలం

మా వీధి వెనక వాడకంలో లేని పాత సైడింగ్ (రైలు పెట్టెల్ని పక్కకు నిలిపే పట్టాలు) స్థలాన్ని పార్కు చేయించాలంటే ఎవరిని కలవాలని ఆమధ్య అడిగాను కదా. మీరు చెప్పినట్టే పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. జవాబొచ్చింది: స్థలం రైల్వేదే, ప్రస్తుతానికి ప్రణాళిక ఏమీ లేదట.

అంటే కార్పొరేషన్ చుట్టూ తిరిగితే పని కాదు. ఖాళీ రైల్వే స్థలాల్ని అభివృద్ధి చేసేది రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ. ఆదాయం కోసం లీజుకిస్తారు, అదే నా టెన్షన్. అంతా షాపులైపోతే ఎలా? పట్టాల మధ్య మొలిచిన వేపచెట్లు రెండాళ్ల ఎత్తయ్యాయి. సాయంత్రమైతే ఆ నీడలో, తుప్పు పట్టిన పట్టాల మీదే పెద్దవాళ్లు కూర్చుంటున్నారు. ఆ చెట్లు కొట్టకుండా ఒక నడకదారి, నాలుగు లైట్లు, కూరగాయలమ్మేవాళ్లకు ఓ షెడ్డు వేస్తే చాలు. రైల్వే డివిజన్ పెద్ద అధికారి డీఆర్‌ఎంకీ, ఎంపీగారికీ ఇవ్వడానికి అర్జీ రాశాం, ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నాం.