సమస్య: తేరు కదలదు, సూర్యుఁడు తిరుగుచుండు

నిర్వాహకులు: రథసప్తమి దగ్గరపడింది. పొద్దుటి నుంచి ఈ పాదం నన్ను వదలడం లేదు. దీన్నే చివరి పాదంగా పెట్టి, మీ మీ ఊళ్ళ నుంచి పద్యం పూరించండి.

బరంపురం:
రాజు నరసింహదేవుని రథముఁ గనుమ,
ఇరువదియు నాల్గు చక్రమ్ము లేడు హరులు
చెక్కి నిలిపిన కోణార్క శిల్పమందు
తేరు కదలదు, సూర్యుఁడు తిరుగుచుండు.

పర్లాకిమిడి: ధార బాగుంది. 'ఇరువది'కి 'లేడు' యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత, హాయిగా పడింది. కానీ ఈ సమస్య చూడగానే అందరికీ తోచేది కోణార్కే. రాతితేరు కదలదని చెబితే చాలదు, ఎందుకు కదలదో చెప్పాలి.

అరుణుఁ డచ్చోట లేఁడాయె, నతఁడు పూరి
గుడి మొగమ్మున కంబమై కుదురుకొనియె,
సారథియె వీడి పోయిన జరుగు నిదియె,
తేరు కదలదు, సూర్యుఁడు తిరుగుచుండు.

నిర్వాహకులు: విరుపంటే ఇదీ! 18వ శతాబ్దంలో కోణార్క నుంచి అరుణస్తంభాన్ని పూరీ సింహద్వారం ముందుకు తరలించారు. వెళ్ళినప్పుడల్లా చూసే స్తంభమే. తేరు ఆగిపోవడానికి అదే కారణమని ఇక్కడ ఇంతవరకు ఎవరూ అనలేదు.

రాయగడ: విరుపు గొప్పదే. కానీ అరుణుడు అనూరుడు, తొడలు లేనివాడు. 'వీడి పోయిన' అంటే తానే నడిచి వెళ్ళినట్టుంది. ఆయన్ను ఎత్తుకుపోయారు. ఇంకో మాట. ఈసారి 'గుడి మొగమ్మున' అని తప్పుకొన్నారు. కార్తీకమాసపు సమస్యలో 'సింహద్వారము' వాడి, 'ద్వా' ముందున్న 'హ'ను లఘువుగా (పొట్టి అక్షరంగా) నడిపించి, అది గురువని (పొడుగని) నేనంటే ఎంత వాదించారో ఇక్కడ అందరికీ తెలుసు.

పర్లాకిమిడి: ఆ పద్యం సంగతి ఆనాడే తేలింది. 'గుడి'కి 'కుదురు' యతి కోసం వచ్చిన మాట అది. తొడలు లేనివాడు కనుకనే 'కుదురుకొనియె' అన్నాను. ఒకసారి కుదురుకొంటే ఇక లేచి రాడు.

సిరొంచ: మా మహారాష్ట్ర వైపు నుంచి ఒకటి, భాజ బౌద్ధగుహల గోడ మీద చెక్కిన సూర్యరథం గురించి.

భాజ గుహలోన నాల్గు గుర్రాల బండి
ఎంత పరుగిడు నట్లున్న నేమి ఫలము?
గోడ విడువదు గుర్రాల గొరిజ యైన,
తేరు కదలదు, సూర్యుఁడు తిరుగుచుండు.

రాయగడ: మూడో పాదం నాకు కంఠస్థమైపోయింది. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, 'భా'కు 'ర్రా' పడింది. 'భాజ గుహలోని హయముల బండి చూడు' అనండి.

సిరొంచ: యతి వచ్చింది, నాలుగు పోయింది. నాకు ఆ నాలుగే ముఖ్యమండీ. ఋగ్వేదం ఏడు గుర్రాలంది, కోణార్క శిల్పి ఏడే చెక్కాడు. అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందటి భాజలోనూ, బోధగయ రాతికంచె మీదా ఉన్నవి నాలుగే. ఆ మాట వదులుకోలేను.

బరంపురం: 'భాజ గుహలోన నాల్గుండు బండిఁ బూని'.

సిరొంచ: అదే ఖాయం. ధన్యవాదాలు.

పర్లాకిమిడి: బరంపురం వారి నుంచి ఈ వారం వచ్చిన మంచి పాదం ఇదే.