వచ్చిన మాటలే, వింటే ఒక్కటీ విడిపోదు. మీ చెవికి ఎలా పట్టింది?

లంకమ్మాయి (రావులపాలెం)
నర్సు ఉద్యోగం కోసం రాజమండ్రిలో జర్మన్ నేర్చుకుంటున్నాను. ఏడు నెలలైంది. చదివితే అర్థమవుతుంది, రాయగలను. ఆడియో పెట్టగానే ఏ మాట ఎక్కడ ముగిసిందో తెలియదు. తర్వాత కాగితం మీద చూసుకుంటే అన్నీ నాకు వచ్చిన మాటలే! నిన్న ‘హస్తె’ అనే క్రియ కోసం అరగంట నిఘంటువు తిరగేశాను. తీరా అది ‘హాస్ట్ డూ’ (నీ దగ్గర ఉందా) అట. వేగం తగ్గించి విన్నాను. అదే ముద్ద, కాకపోతే సాగిన ముద్ద. పరాయి భాష చెవికి పట్టినవాళ్లు కాస్త చెప్పండి.

చెరువుగట్టు (భీమవరం దగ్గర)
నేను నేర్చుకున్నవాణ్ణి కాదమ్మా, నేర్పవలసి వచ్చినవాణ్ణి. మా రొయ్యల చెరువుల మీద ఒడిశా కుర్రాళ్లు పనిచేస్తారు. అందులో ఒకడు చురుకైనవాడు. మోటారు వైండింగ్ షాపుకు నాతో వచ్చి ‘రాగి’ అనే మాట పట్టుకున్నాడు. రాగి తీగ దొంగల భయం కూడా మా దగ్గరే నేర్చుకున్నాడు.

ఒకరోజు తెల్లవారుజామున కరెంటు పోయి, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటరు నిలిచిపోయింది. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే. గట్టు ఇవతలి నుంచి గట్టిగా అరిచాను: ‘ఏరియేటరాగిపోయింది!’ వాడు జనరేటరు వైపు కాకుండా, కర్ర, టార్చిలైటు పట్టుకుని రోడ్డు వైపు పరుగెత్తాడు. వాడికి వినపడింది ‘రాగి పోయింది’ అని! నేను వెళ్లి జనరేటరు వేసేసరికి రొయ్యలు పైకి తేలి మూతులు పెట్టి ఉన్నాయి.

తప్పు వాడిదని ఎలా అంటాను? రోజూ ‘ఏరియేటరు’ అని నేర్పింది నేను. అవసరం వచ్చిన వేళ చివరి ఉకారాన్ని మింగేసి, మిగిలిన రకారాన్ని పక్క మాటకు అంటగట్టిందీ నేనే. ఇప్పుడు ‘ఏరియేటరు’ అని ఆగి, ఊపిరి తీసుకుని, ‘ఆగింది’ అంటాను.

రిటైర్డ్ మాస్టారు (అమలాపురం)
ఉత్వసంధి నిత్యం అని ముప్పై ఏళ్లు బల్ల గుద్ది చెప్పాను. అది ఒకరి రొయ్యల మీదకు వస్తుందనుకోలేదు! తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి, నేర్చుకునేవాళ్లకు ఆ అచ్చే గట్టు. పక్కన ఇంకో అచ్చు వస్తే మనం ముందు తెంచేది ఆ గట్టునే. పోనీ, మాట మొదలైనా నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. మా కోడలిది పుణె. ‘అన్నదమ్ములు’ విని, అన్నను పక్కన పెట్టి, ‘దమ్ములు’ అంటే ఏమిటని పాలేరును అడిగింది. అతను చేలో దమ్ము చేయడం గురించి శ్రద్ధగా వివరించాడు. నాట్ల ముందు పొలం దమ్ము చేసే అన్నలనే అర్థంతో ఆవిడ ఆ మాటను నెల రోజులు వాడింది. ‘తమ్ములు’ అక్కడ ‘దమ్ములు’ అవుతుందని చెప్పడం మాకెవరికీ తోచలేదు.

కువైట్‌లో పదకొండేళ్లు (మలికిపురం)
నాకు అరబీ వంటింట్లోనే వచ్చింది. మొదట్లో వినపడేది నా పేరు ఒక్కటే. దాని వెనక వచ్చే మాటను పట్టుకునేదాన్ని: పేరు, ‘తఆలీ’. అంటే రమ్మని. ‘మాయ్‌బారిద్’ అంటే ఫ్రిజ్‌లోని నీళ్ల పేరు అనుకున్నాను, మొత్తం ఒకే మాట. ఒకరోజు మేడమ్ కప్పు పక్కకు నెట్టి ‘చాయ్ బారిద్’ అంది. టీ చల్లారిపోయింది. తిట్టు తిన్నాను కానీ, మాట అక్కడ రెండుగా చీలింది. బారిద్ అంటే చల్లన!

మాత్రల లెక్క (కాకినాడ)
పైన అక్కగారు చెప్పినదే 1996లో అమెరికాలో ఎనిమిది నెలల పిల్లల మీద చూశారు. సాఫ్రన్, ఆస్లిన్, న్యూపోర్ట్ అనే ముగ్గురి ప్రయోగం. అర్థం లేని మూడక్షరాల మాటలు నాలుగింటిని, మధ్యలో విరామం గానీ ఊనిక గానీ లేకుండా, రెండు నిమిషాలు వినిపించారు. పిల్లలు మాటలను పోల్చుకోగలిగారు. మన ఊరి లెక్కలో చెప్పాలంటే, ‘గోదా’ విన్నాక ‘వరి’ వచ్చి తీరుతుంది. ‘వరి’ తర్వాత గట్టు రావచ్చు, వరద రావచ్చు, నీళ్లు రావచ్చు. ఎక్కడ ఊహ తప్పుతుందో అక్కడ మాట తెగుతుంది. పేరు వెనక వచ్చిన మాటను పట్టుకోవడం కూడా ఆరు నెలల పిల్లల్లోనే కనిపించింది (2005).

ఇంకొక ముచ్చట. జపనీస్ వినేటప్పుడు తెలుగువాళ్లు జపనీయుల్లాగే మాత్రల వారీగా వింటారని 2007లో ఒక పరిశోధన వచ్చింది. లఘువులు, గురువులు లెక్కపెట్టించిన మాస్టార్లకు నమస్కారం. లంకమ్మాయీ, జర్మన్ బదులు జపనీస్ పెట్టుకోవలసింది!

యానాం వాసి
మాది 1954 వరకు ఫ్రెంచివాళ్ల ఊరు. తాతగారు మిగిల్చిన ఫ్రెంచి కాస్త నాకూ ఉంది. ‘లే’, ‘అమి’ కలిస్తే ‘లేజామి’, అంటే స్నేహితులు. చిన్నప్పుడు ‘జామి’ ఎవరని అడిగేవాణ్ణి. ఇంతకు మించి చెప్పగలిగింది లేదు.

పాలకొల్లు నుంచి జర్మనీకి
చెల్లెమ్మా, నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సునే. జర్మన్‌లో రెండు సంగతులు గమనించు. ఒకటి, అచ్చుతో మొదలయ్యే మాట ముందు వాళ్ల గొంతు ఒక్క క్షణం బిగుసుకుంటుంది. మనం అచ్చును కలిపేస్తాం, వాళ్లు అడ్డం కడతారు. రెండు, ఊనిక ఎక్కువగా మాట మొదటి అక్షరం మీదే ఉంటుంది. ‘బె’, ‘ఫెర్’ వంటివి ముందు చేరితే మాత్రం తర్వాత అక్షరానికి జరుగుతుంది. వీడియో చూసేటప్పుడు తెర కింద తెలుగు, ఇంగ్లీషు రాత పెట్టుకుని వినకు, జర్మన్ రాతే పెట్టుకో. అయినా నైట్ డ్యూటీలో ముసలివాళ్లు పళ్లు తీసి మాట్లాడితే నాకు ఇప్పటికీ ముద్దే.

లంకమ్మాయి
అక్కా, రాత్రి వార్తల్లో ‘ఆమ్ ఆబెంట్’ మధ్య ఆ బిగువు వినపడింది! ఒక్కసారే అనుకోండి. చెరువుగట్టు బాబాయ్ గారూ, ఆ కుర్రాడు ఇంకా మీ దగ్గరే ఉన్నాడా?

చెరువుగట్టు
ఉన్నాడమ్మా. నిన్న ఊరి సంగతి అడిగితే ఒడియాలో గబగబా ఏదో చెప్పాడు. ‘జిబి’ అంటే వెళతాను, ‘జిబిని’ అంటే వెళ్లను. ఆ రెంటిలో ఏది అన్నాడో తెలియలేదు. మెల్లగా చెప్పమన్నాను. మెల్లగానే చెప్పాడు. రేపు రొయ్యల పట్టుబడి, లారీ కూడా మాట్లాడేశాను.