కార్తీకదీపంలో దీపం, అద్దం: అర్థం ఉందా, ఊరికే సాగదీతా?

పెన్నాగట్టు (నెల్లూరు):
మా అమ్మ పక్కన కూర్చుని కార్తీకదీపం సీరియల్ మొదటి భాగం దాదాపు మొత్తం చూశాను. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా, 1569 ఎపిసోడ్లు. నిన్న ఆఫీసులో ఒకడు ‘ఏడుపుగొట్టు సీరియల్, అందులో ఏముందబ్బా’ అన్నాడు. ఉందంటాను. పేరే చూడండి. కార్తీక్, దీప కలిస్తే కార్తీకదీపం. నల్లగా ఉందని చిన్నచూపు చూసిన పిల్లకి దీప అని పేరు. మొగుడు కార్తీక్ అనుమానించి దూరం చేస్తే వంటలక్కై పొయ్యి దగ్గర నిలబడింది, అక్కడా మంటే, వెలుగే. కార్తీక పౌర్ణమికి పెన్నలో వదిలే దీపాలు చూసినోళ్లకి తెలుస్తుంది. దొప్ప అటూ ఇటూ ఊగిపోతుంది గానీ ఒత్తి అంత తొందరగా ఆరదు. ఆమె బతుకు అట్టాంటిదే. మన సీరియళ్లలో అద్దం ముందు నిలబడి తమతో తాము మాట్లాడుకుంటారే, దాన్ని కూడా నేను ఎగతాళి చెయ్యను. మనసులో మాటని బొమ్మలో ఇంకెట్టా చూపిస్తారు?

కావలికుర్రోడు:
ఒకే ఒక్క డౌటు. ఏ సీరియల్ అయినా సరే, కిటికీలన్నీ వేసున్న హాల్లో దేవుడి దగ్గర దీపం ఆరిపోద్ది. గాలి ఎక్కణ్ణించి వస్తుంది?

ఒంగోలుగిత్త:
ఫ్యాన్.

కావలికుర్రోడు:
ఫ్యాన్ అయితే ముందు కర్టెన్ కదలాలి గదా.

నల్లరేగడి (కందుకూరు):
పెన్నాగట్టు గారూ, ఇది మలయాళం కరుత్తముత్తుకి రీమేక్. కరుత్త ముత్తు అంటే నల్ల ముత్యం. తెలుగులోకి వచ్చేసరికి పేరులో నలుపు ఎగిరిపోయి దీపం వచ్చి కూర్చుంది. మీరు మెచ్చుకుంటున్న పేరు సంగతి ఇదీ. అక్కడా ఇక్కడా నాయిక వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ తెల్లగా ఉంటుంది, షూటింగుకి నల్లరంగు పూసేవాళ్లు. నల్లపిల్ల కథకి నల్లపిల్ల దొరకలేదా?

పెన్నాగట్టు:
నటన అండీ అది. రాజు వేషం వేసేవాడికి రాజ్యం ఉండాలా?

నల్లరేగడి:
రాజ్యం లేదని ఎవరికీ పెళ్లి తప్పిపోదు. నాకు మూడు సంబంధాలు రంగు దగ్గరే ఆగినాయి. మూడోసారి మా పెద్దమ్మ ముఖానికి పౌడర్ దట్టంగా అద్దింది, మెడ దగ్గర ఆపేసింది. వచ్చిన ఆవిడ నా ముఖం చూడలేదు, ఆ గీత చూసింది. ఆ నటికి నలుపు తుడిస్తే పోతుంది. నాకు పౌడర్ తుడిస్తే బయటపడుతుంది. అద్దంలో మనస్సాక్షి కనిపిస్తుందంటారే, ఆరోజు నాకు కనిపించింది ఆ గీతే.

ఒంగోలుగిత్త:
ఇది దీపం గురించా, పౌడర్ గురించా?

చీరాలమగ్గం:
ఆత్మపరిశీలన అంటే ఎవరిది బాబూ? కార్తీక్ డాక్టరై ఉండి, తనకి పిల్లలు పుట్టరన్న మాట నమ్మాడు, పెళ్లాన్ని నమ్మలేదు. కవలల్లో హిమ ఆయన దగ్గర, శౌర్య వాళ్లమ్మ దగ్గర. డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకోవయ్యా అని జనం మీమ్స్ మీద మీమ్స్ వేశారు. అద్దం ముందు నిలబెట్టాల్సింది డాక్టర్ బాబుని. ఏడ్చే పనంతా దీపకి అప్పజెప్పారు.

పెన్నాగట్టు:
మీమ్స్ వేసినోళ్లు ఇంట్లో అందరితో కలిసి చూసిందే. మా అమ్మ అన్నేళ్లూ దీప కోసం ఏడ్చింది. ఆ కన్నీళ్లు అబద్ధమా? నల్లరేగడి గారూ, మీ సంబంధాలు తప్పిన కోపం సీరియల్ మీద తీర్చుకుంటున్నారు.

నల్లరేగడి:
అవును, తీర్చుకుంటున్నాను. మీ అమ్మగారు అన్నేళ్లు ఏడ్చారు గదా. మీకు సంబంధాలు చూసేటప్పుడు నల్లపిల్ల ఇంటికి ఎన్నిసార్లు వెళ్లారు?

కావలికుర్రోడు:
అయ్యో, మెల్లగా.

పెన్నాగట్టు (మరుసటి రోజు):
రాయకూడదనుకున్నా. 2019లో ఉదయగిరి వైపు ఒక సంబంధం చూశాం. పిల్ల చదువుకుంది, మాటతీరు బాగుంది. నాకు నచ్చింది. వచ్చేటప్పుడు కార్లో అమ్మ ‘రంగు తక్కువరా’ అంది. ‘ఊ’ అన్నాను, అంతే. ఏడున్నరకి ఇల్లు చేరాం. చెప్పులు విడిచీ విడవకముందే టీవీ పెట్టింది. దీపని చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను పక్కనే కూర్చున్నా. ఆ కన్నీళ్లు నిజమే, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నా. మిగతాది మీరన్నట్టే.

చీరాలమగ్గం:
అమ్మ మీదకి తోసేయకు బాబూ. ఊ అన్నది నువ్వు.

పెన్నాగట్టు:
అదే రాశాను గదండీ.

నల్లరేగడి:
ఆ అమ్మాయి ఏమంది?

పెన్నాగట్టు:
ఎవరూ అడగలేదు. కాఫీ గ్లాసులు ట్రేలో సర్దుకుని లోపలికి వెళ్లింది. ఒక గ్లాసులో సగం మిగిలుంది. అది నాదే.