వెయ్యి రూపాయల్లో సైకిల్ పంపు: గేజీ ఉన్నదా, పాత ఇనప పంపా?

కోకాపేట_రైడర్: నాది 700x35 టైర్ల (35 మిల్లీమీటర్ల వెడల్పు) హైబ్రిడ్ సైకిల్, మా బుడ్డోడిది 20 అంగుళాల సైకిల్. బడ్జెట్ వెయ్యి, మహా అయితే పన్నెండు వందలు. వీధి చివర పంచర్ షాపు ఉంది గానీ, నేను తెల్లారుజామున ఓఆర్ఆర్ పక్కన సోలార్ సైకిల్ ట్రాక్‌కి బయలుదేరే టైముకి షట్టర్ దించే ఉంటుంది. గాలి ప్రెషర్ ఎంతుందో ముల్లుతో చూపే గేజీ ఉన్న ఫ్లోర్ పంపు (నేల మీద పెట్టి కొట్టేది) తీసుకోనా, లేక సైకిల్ షాపుల్లో సగం ధరకే దొరికే చెక్క పిడి ఇనప పంపు చాలా?

పాత_అట్లాస్: ఇనప పంపే కొను తమ్ముడూ. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో మూతపడింది గానీ నా బండీ, దాని పంపూ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. పంపు లోపలి వాచర్ అరిగితే కొత్తది వేసి రెండు చుక్కల నూనె కొడితే మళ్లీ మామూలే. ఇప్పటి ప్లాస్టిక్ పంపుల్లో వాల్వ్‌కి తగిలించే హెడ్ విరిగితే మొత్తం పారేయడమే. గాలి సరిపోయిందో లేదో బొటనవేలితో నొక్కితే తెలీదా ఏంటి?

సన్నటైరు: తెలీదండీ. మీ లావు టైరుకి తెలుస్తుందేమో. నా 700x25 టైరు 60 పీఎస్‌ఐ (గాలి ప్రెషర్ కొలత) దగ్గరా రాయే, 90 దగ్గరా రాయే, వేలికి రెండూ ఒకటే. కానీ 60తో వెళ్లి గుంతలో దిగితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పైగా సన్నటైర్లలో గాలి త్వరగా తగ్గుతుంది, రెండు మూడు రోజులకోసారి కొట్టాల్సిందే. గేజీ లేని పంపుతో ఎప్పటికీ అంచనాయే.

భీమిలి_ఎంటీబీ: గేజీ సరే, అసలు సంగతి పంపు గొట్టం లావు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. డబ్బా మీద 160 పీఎస్‌ఐ అని రాసేస్తారు, అంత ఎక్కించాలంటే మీ బరువెంతో కూడా రాయాలి కదా 😀 100 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 7 కిలోలు. గొట్టం లోపలి వ్యాసం 3 సెంటీమీటర్లయితే చివర్లో పిడి మీద 50 కిలోలు మోపాలి, అదే 4 సెంటీమీటర్లయితే 88 కిలోలు. నా ఎంటీబీకి (లావు టైర్ల మౌంటెన్ బైక్) 35, 40 చాలు కాబట్టి లావు గొట్టం హాయి, నాలుగు పోట్లకే టైరు లేస్తుంది. సన్నటైరు గారు మాత్రం సన్న గొట్టమే వెతుక్కోవాలి.

గచ్చిబౌలి_టెక్కీ: బ్రో, ఇంత చర్చ ఎందుకు, బ్యాటరీ ఇన్‌ఫ్లేటర్ కొనేయ్. నంబర్ సెట్ చేస్తే తనే ఆగిపోతుంది, కారుకీ పనికొస్తుంది.

సన్నటైరు: అపార్ట్‌మెంటులో తెల్లారుజామున ఆ మోత మోగించి చూడండి, పక్క ఫ్లాట్ వాళ్లే చెప్తారు. బ్యాటరీ నీరసించాక దానికీ పారేయడమే గతి.

కోకాపేట_రైడర్: నా టైరు పక్కన 50–75 అని రాసి ఉంది. వాల్వ్ మోటార్‌సైకిల్ టైపే. బుడ్డోడిది వాల్‌ట్యూబ్ టైపు, అదే లోపల చిన్న రబ్బరు గొట్టం ఉండే పాతరకం వాల్వ్. పోనీ ముందురోజు సాయంత్రమే షాపులో కంప్రెసర్‌తో కొట్టించేస్తే?

భీమిలి_ఎంటీబీ: చూసుకుని కొట్టేవాడైతే పర్లేదు. ట్యాంకులో ప్రెషర్ 100 పైనే ఉంటుంది, సైకిల్ ట్యూబేమో చిన్నది, క్షణం ఆలస్యమైతే బుడ్డోడి టైరు ఢామ్మంటుంది. నీకైతే మధ్యరకం స్టీలు గొట్టం, కింద రెండు పాదాలూ ఆనేంత వెడల్పు బేస్, లివర్‌తో బిగించే హెడ్ ఉన్నది చాలు. నీ సైకిల్‌ని షాపుకే తీసుకెళ్లి అక్కడే గాలి కొట్టి చూడు, హెడ్ దగ్గర బుస్సుమంటే పక్కన పెట్టేయ్. ఇంకోటి, వాల్‌ట్యూబ్‌కి గేజీని నమ్మకు. ఆ రబ్బరు గాలిని లోపలికే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అందుకే ముల్లు చూపించేది పైపులో ప్రెషర్, టైరులోది కాదు.

పాత_అట్లాస్: అంటే బుడ్డోడి సైకిల్‌కి నా బొటనవేలే దిక్కన్నమాట! సరే, నీ సైకిల్ కోసం గేజీదే కొనుక్కో తమ్ముడూ. కానీ దానికి వాచర్ విడిగా దొరుకుతుందా అని షాపువాణ్ణి గట్టిగా అడుగు. దొరకదంటే డబ్బులు జేబులోనే పెట్టుకుని ఇంకో షాపుకి పో.