కాగితానిది ఓర్పా, ఓపికా?

తెనాలి అమ్మాయి: నాజీలకు చిక్కకుండా దాక్కున్న యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ డైరీ బడి రోజుల్లో తెలుగులో చదివాను. 'మనుషులకన్నా కాగితానికి ఓ...' దాకా వచ్చి ఆగిపోతున్నాను. ఓర్పు ఎక్కువ అనా, ఓపిక ఎక్కువ అనా? 1942 జూన్ 20 తేదీ కింద ఉంటుంది. చేతుల్లో గడ్డం ఆనించుకుని, బయటికి వెళ్లాలో ఇంట్లోనే ఉండాలో తేలక కూర్చున్న పూట ఆ సామెత గుర్తొచ్చిందంటుంది. ఎవరి దగ్గరైనా ఆ పుస్తకం ఉందా?

పాత పంతులు: ఓర్పేనమ్మా, అనుమానం అక్కర్లేదు. ఓపిక ఒంటికి సంబంధించింది. 'మెట్లెక్కే ఓపిక లేదు' అంటాం గానీ 'మెట్లెక్కే ఓర్పు లేదు' అనం. కాగితానికి ఒళ్లెక్కడిది? ఓర్చినమ్మకే తేటనీరు.

సిరామరక: మరి 'ఓపిగ్గా విన్నాడు' అంటామే, అది ఒంటి బలమా మాస్టారూ? ఓర్పులో నొప్పి ఉంది. కష్టాన్ని ఓర్చుకుంటాం, అవమానాన్ని ఓర్చుకుంటాం. ఆ పిల్ల చెప్పేది కాగితం విసుక్కోకుండా వింటుందని. నా ఓటు ఓపికకే.

ఆమ్‌స్టెల్‌వీన్ నుంచి: ఇక్కడ డచ్చివాళ్ల నోట ఆ సామెత ఇప్పటికీ ఉంది, కానీ అర్థం వేరండీ. 'కాగితం ఏం రాసినా కాదనదు, నమ్మకండి' అని. అమలు కాని ప్రణాళికలను చూసి అంటారు. జర్మన్‌లోనూ అంతే. ఆన్ దాన్ని మనుషులతో పోల్చి, ఎత్తిపొడుపును ఆప్యాయతగా తిప్పేసింది. ఆ తిప్పు తెలుగులో రావాలంటే రెండు మాటలూ చాలవు.

పాత పంతులు: ఉత్తరం సిగ్గుపడదని రోమన్ వక్త సిసెరో ఎప్పుడో అన్నాడు, ఆ వరసే. అలాగైతే మనకు 'పడటం' ఉంది. 'ఆవిడ ఒక్క మాట పడదు' అంటాం కదా. కాగితం ఎంత మాటైనా పడుతుంది! ఎత్తిపొడుపూ జాలీ రెండూ అందులోనే ఉన్నాయి.

వినుకొండ: పడటం బాగుంది పంతులుగారూ. నాకు మాత్రం జాషువా గుర్తొస్తున్నారు. 'గబ్బిలం' వచ్చింది 1941లో, ఈ డైరీ మొదలైంది 1942లో. అందులో దళితుడైన కథానాయకుణ్ణి, అరుంధతీసుతుణ్ణి, గుడిలోకి రానివ్వరు, గబ్బిలానికి అడ్డులేదు. అందుకే తన గోడు కాశీలో శివుడి చెవిన వేయమని దాన్ని బతిమాలతాడు. ఆన్ తన డైరీని పిలుచుకున్న కిట్టీ ఎక్కడికీ ఎగిరిపోదు, ఆ గదిలోనే ఉంటుంది. చెప్పుకోవడానికి మనిషి దొరకని స్థితి మాత్రం ఇద్దరిదీ ఒకటే. జాషువా పద్యం పక్కన పెట్టి చూస్తే ఓపిక మరీ తేలికైపోతుంది.

కలంకారి: అసలు ఆ తేదీని నమ్మి మాట్లాడుతున్నారు అందరూ. 1944 మార్చి 28న లండన్ నుంచి డచ్ మంత్రి బోల్కెస్టైన్ రేడియోలో, యుద్ధకాలపు డైరీలూ ఉత్తరాలూ దాచి ఉంచమన్నాడు. అది విని ఆన్ మే నెల నుంచి విడి కాగితాల మీద డైరీని తిరగరాసింది. జూన్ 20 నాటి పేజీ ఆ తిరగరాసిన ప్రతిలోది. అంటే మాట పదమూడేళ్ల పిల్లది కాదు, పదిహేనేళ్లు నిండబోతున్న పిల్లది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్లు దాక్కున్న భవనం, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263, వెనక భాగంలో ఎనిమిది మంది, కింద పనివాళ్లు ఉన్నంతసేపూ అడుగు చప్పుడు కాకూడదు. అలా దాదాపు రెండేళ్లు గడిపాక రాసింది. ఓర్పే.

సిరామరక: ఆ పిల్లకి కాగితం మీద అంత నమ్మకం ఉంటే, మొదటి డైరీలో రెండు పేజీలను గోధుమరంగు కాగితం అంటించి ఎందుకు మూసింది? అవి 2018లో గానీ చదవడం కుదరలేదు. కాగితం పడుతుంది సరే, ఇంకొకరు చూస్తారన్న భయం పోలేదు. చూసేవాళ్లు లేనప్పుడే కాగితానికి ఓపిక.

తెనాలి అమ్మాయి: మా అమ్మమ్మ 'ఓపిక పట్టు' అనేది, 'ఓర్పు పట్టు' అని ఎప్పుడూ అనలేదు. ఓపికను పట్టుకోవాలి, ఓర్పు మనిషిలోనే ఉండాలి అనిపిస్తోంది ఇప్పుడు. కాగితం దేన్నీ పట్టుకోలేదు కదా పంతులుగారూ?

పాత పంతులు: సిరాను పట్టుకుంటుందమ్మా. 'ఓర్పు పట్టు' కూడా మా వైపు విన్నాను. ఆ పేజీ ఎవరికి దొరికినా ముందు ఫొటో పెట్టండి.