సమస్యాపూరణం: శ్రుతి చెడినవేళ వాద్యము సొంపు మీఱె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతిలో చివరి పాదం: "శ్రుతి చెడినవేళ వాద్యము సొంపు మీఱె." పైకి విపరీతంగా వినిపించే ఈ మాటను పాత అనలాగ్ సింథసైజర్లకు (విద్యుత్తుతో నాదాన్ని పుట్టించే కీబోర్డు వాద్యాలకు) అన్వయించి సమర్థించాలి. 440 హెర్ట్జ్ దగ్గర ఒక ఆసిలేటర్ (నాదాన్ని పుట్టించే సర్క్యూట్), 441 దగ్గర మరొకటి పలికితే సెకనుకు ఒకసారి నాదం ఉబ్బి తగ్గుతుంది. ఆ కదలికనే మనం నిండుదనం అంటాం. అయితే ఆ కదలిక ప్రతి వాద్యంలోనూ ఒకే చోట పుట్టదు. అందుచేత ఏ వాద్యానికైనా సరిపోయే పొగడ్తను నేను పూరణగా స్వీకరించను. మీ పద్యం చదివితే అది ఏ వాద్యమో తెలియాలి.

మొదటి పూరణ (స్టేజి మీద కీబోర్డు వాయించే సభ్యుడు):

మోగు మినిలోన నొకటిగా మూడు డోల
కములు పాడుచు నుండంగఁ గాస్త జరిగి
యొకటి తప్పిన నలలుగా నుబికె రవము;
శ్రుతి చెడినవేళ వాద్యము సొంపు మీఱె.

నిర్వాహకుడు: మినీమోగ్‌కు తగిన పూరణ. 1970 నుండి 1981 వరకు తయారైన ఆ వాద్యం ఒకేసారి ఒక స్వరాన్నే పలికినా, ఆ ఒక్క స్వరం వెనుక మూడు డోలకాలు, అంటే మూడు ఆసిలేటర్లు ఉంటాయి. గణాలు, యతులు సరిగా ఉన్నాయి. నా సందేహం "జరిగి" అన్న మాట మీదనే. మొదటి ఆసిలేటర్‌కు విడిగా శ్రుతి మార్చే గుబ్బ లేదు. రెండో, మూడో ఆసిలేటర్లకు ఉంది. వాద్యకారుడు ఆ గుబ్బను కావాలని వెంట్రుకవాసి తిప్పడం వేరు, లోపలి ట్రాన్సిస్టర్ వేడెక్కి శ్రుతి తనంతట తాను జారడం వేరు. ఒక ఆక్టేవ్‌కు (ఒక స్థాయికి) ఒక వోల్టు చొప్పున శ్రుతిని నడిపే లెక్కలో అర్ధస్వరానికి దక్కేది దాదాపు 83 మిల్లీవోల్టులే కనుక, కొద్దిపాటి వేడికి కూడా చెవి గుర్తుపట్టేంత తేడా వస్తుంది. మీరు ఏ జరుగుబాటును ఉద్దేశించారు?

అదే సభ్యుడు: చేత్తో తిప్పినదానినే ఉద్దేశించానండి. వేడికి జారినది కచేరీలో నన్ను ఇబ్బంది పెడుతుందే కాని సొంపు మీరదు.

రెండో పూరణ (రికార్డింగ్ స్టూడియోలో పనిచేసే సభ్యురాలు):

జూనొ గడియారమట్టులఁ జూపు నిష్ఠ;
కోరసను మీట నొక్కంగఁ గొంత వెనుక
నడచు నీడయు నూగాడ, నాదమందు
శ్రుతి చెడినవేళ వాద్యము సొంపు మీఱె.

నిర్వాహకుడు: ఈ వారానికి ఇది ఉత్తమ పూరణ అని ఇప్పుడే చెప్పగలను. 1982లో రోలాండ్ తెచ్చిన జూనో-60లో ఆరు గొంతులు (అంటే ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది), గొంతుకు ఒకే ఆసిలేటర్. దాని శ్రుతిని డిజిటల్ గడియారం నిలబెడుతుంది కనుక అది జారదు. జారనిదానిని జారిందనకుండా, కోరస్ మీటను ముందుకు తెచ్చి సమస్యను పరిష్కరించారు. కోరస్ సర్క్యూట్ అసలు ధ్వనికి నకలు తీసి, దానిని కాస్త ఆలస్యంగా వదులుతూ, ఆ ఆలస్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆలస్యం తగ్గుతున్నప్పుడు నకలు శ్రుతి పెరుగుతుంది, పెరుగుతున్నప్పుడు పడిపోతుంది. "కొంత వెనుక నడచు నీడ" అంటే అక్షరాలా అదే. "నాదమందు" అన్నది పాదపూరణం కోసం వేసిన మాట కాదు. శ్రుతి చెడింది ఆసిలేటర్‌లో కాదు, బయటికి వచ్చిన నాదంలో అని చెప్పేది అదొక్కటే. జూనోను జూనొ అని కుదించడం పరభాషా నామం కనుక నాకు సమ్మతమే.

వాద్యం కొనదలచిన వారికి ఈ రెండు పద్యాల మధ్య తేడా ఎంతో పనికివస్తుంది. మినీమోగ్‌లో ఒక మెట్టు నొక్కి అలలను లెక్కించి, ఒక ఆక్టేవ్ పైకి వెళ్లండి. 440, 441 కాస్తా 880, 882 అవుతాయి కనుక అలల వేగం రెట్టింపవుతుంది. జూనోలో కింది మెట్టయినా పై మెట్టయినా ఊగే వేగం ఒక్కటే. అందుకే జూనోలో పెద్ద కార్డ్‌లు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) పరిచినట్లు సమంగా వినిపిస్తాయి, మినీమోగ్ బేస్ మందంగానూ పై స్వరాలు చురుకుగానూ ఉంటాయి.

మూడో పూరణ (మరమ్మతులు చేసే సభ్యుడు):

ఐదు గొంతుకలొక్కటై యాలపించ
గొంతుగొంతున కించుక కొలత మాఱి
మేళవింపున జీవమ్ము కానవచ్చె;
శ్రుతి చెడినవేళ వాద్యము సొంపు మీఱె.

రెండో పూరణ చేసిన సభ్యురాలు: మూడో పాదంలో యతి తప్పింది, "మే"కు "కా" చెల్లదు, ప్రాసయతి కూడా లేదు. "మేళవింపున జీవమ్ము మేలుకొనియె" అంటే సరిపోతుంది, భావం కూడా బలపడుతుంది.

నిర్వాహకుడు: చక్కని సవరణ. "ఐదు గొంతుకలు" అనగానే 1978 నాటి ప్రాఫెట్-5 సింథసైజర్ తోస్తుంది, కాబట్టి పేరు లేకపోవడం దోషం కాదు. గొంతుకు రెండేసి చొప్పున పది ఆసిలేటర్లు. కార్డ్‌లో ఒక్కో స్వరం ఒక్కో గొంతు నుండి రావడం వల్ల వాటి మధ్య తేడా కదులుతూ ఉంటుంది. అయితే ట్యూన్ మీట నొక్కితే లోపలి మైక్రోప్రాసెసర్ పదింటినీ కొలిచి సరిచేస్తుంది. మీరు ఆ వాద్యపు ఏ ముద్రణను (రివిజన్‌ను) దృష్టిలో పెట్టుకున్నారో చెప్పగలరా?

మూడో సభ్యుడు: ఎస్ఎస్ఎమ్ కంపెనీ చిప్పులున్న తొలి రెండు ముద్రణలనే. 1980లో మూడో ముద్రణ కర్టిస్ చిప్పులకు మారాక శ్రుతి స్థిరపడింది. నా పద్యం దానికి అంతగా అన్వయించదు.

నిర్వాహకుడు: నా పూరణ ఇది, ఆర్ప్ ఒడిస్సీ మీద:

ఒక్క మెట్టున జంటగా నొదిగి పాడి
రెండు మెట్లకు విడివడు రీతి గలుగు
నార్పు వాద్యాన జతగూడి యలలు రేఁగ
శ్రుతి చెడినవేళ వాద్యము సొంపు మీఱె.

1972 నాటి ఈ వాద్యంలో రెండే ఆసిలేటర్లు. ఒక మెట్టు నొక్కితే రెండూ కలిసి అదే స్వరాన్ని పలుకుతాయి. రెండు మెట్లు నొక్కితే చెరొకటి పంచుకుంటాయి. పంచుకున్న వెంటనే ఆ అలలు పోయి నాదం పలచబడుతుంది.

మూడో సభ్యుడు: సింక్ మీట వేసి ఉంటే రెండో ఆసిలేటర్ మొదటిదానికి కట్టుబడిపోతుంది, ఒక్క మెట్టు నొక్కినా అలలు రావు. పద్యంలో ఆ నియమం కనబడాలి కదా?

నిర్వాహకుడు: "అలలు రేఁగ" అన్నప్పుడే సింక్ వేయలేదని తెలుస్తున్నది. సింక్ వేసి రెండో ఆసిలేటర్ శ్రుతిని జరిపితే అలలకు బదులు గరుకైన కేక వస్తుంది. దానికి ఈ సమస్య పాదం అన్వయించదు, వేరే సమస్య ఇవ్వాలి.