కాకాపోని బోనులో పెట్టి పిల్లలు తీయించకూడదా? గుడ్లు అన్ని ఎందుకు మురిగిపోతాయి?

వైట్‌ఫీల్డ్_శారద:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు పిల్లలకి శనివారం తరగతులు నడుస్తాయి. ఈసారి అంశం కాకాపో, న్యూజిలాండ్ ఎగరలేని చిలుక. వచ్చేవాళ్ళు ఎనిమిది నుంచి పది చదివే పిల్లలు, గట్టి ప్రశ్నలే వేస్తారు. 1995లో 51 పక్షులు, 2022లో 252 అన్న లెక్క దొరికింది. మధ్యలో జరిగిన పనే నాకు అంతుపట్టడం లేదు. మన బెంగళూరులోనే మకావ్‌లకి, కాకటూలకి ఇంట్లో ఇంక్యుబేటర్ పెట్టి పిల్లలు తీయించేవాళ్ళు ఉన్నారు. మరి దీనికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? బోనులో పెట్టి, బాగా మేపి, గుడ్లు యంత్రంలో పెడితే సరిపోదా? గుడ్లు చాలావరకు మురిగిపోతాయని విన్నాను, కారణం ఏమిటి? పిల్లలకి చేసి చూపించదగ్గది ఏదైనా ఉంటే అదీ చెప్పండి.

రోళ్ళపాడు_బాట:
శారద గారూ, బోను ప్రయత్నం కూడా అయింది. 1961లో ఐదు కాకాపోల్ని పట్టి పెద్ద పంజరాల్లో ఉంచారు. నాలుగు కొన్ని నెలల్లోనే చనిపోయాయి, ఐదోది నాలుగేళ్ళ దాకా బతికింది. పైగా ఐదూ మగవే. ఇప్పటికీ బోనులో కాకాపో పిల్లలు కన్నది లేదు.

మకావ్ జంట కడుతుంది. ఒక పెట్టె గూడు, ఒక జత, తిండి ఉంటే చాలు. కాకాపోకి జంట అన్నదే లేదు. మగవి కొండ శిఖరాల మీద, గట్ల మీద నేలలో పళ్ళెంలాంటి గుంటలు చేసుకుని, వాటిని కలుపుతూ బాటలు శుభ్రం చేసుకుంటాయి. ఛాతీలో గాలి నింపుకుని రాత్రంతా బొంగురుగా మోగుతాయి. ఆ మోత గాలి వాటాన్ని బట్టి ఐదు కిలోమీటర్ల దాకా పోతుంది. ఆడది దూరం నుంచి నడిచి వచ్చి, నచ్చినదాన్ని ఎంచుకుని, కలిసి, తిరిగి వెళ్ళిపోతుంది. గూడు, పొదుగు, పిల్లల తిండి అన్నీ దానివే. మన నంద్యాల జిల్లా రోళ్ళపాడు బట్టమేక పిట్టదీ ఇదే పద్ధతి. ఇలాంటి పక్షికి ఒక మగదాన్ని ఇచ్చి పంజరంలో పెడితే ఎంచుకునే వీలే పోతుంది.

రెండోది రిము అనే అక్కడి అడవి చెట్టు. ఇది రెండు నుంచి నాలుగేళ్ళకోసారి విరగకాస్తుంది. ఆ ఏడాదే కాకాపో గుడ్లు పెడుతుంది, మిగతా ఏళ్ళలో ఊరికే ఉంటుంది. రిము కాయ పండడానికి ఏడాదిన్నర పడుతుంది కాబట్టి, ముందు ఏడాది శరత్కాలంలోనే కొమ్మల చివర్లు లెక్కపెట్టి చూస్తారు. పది శాతం దాటి చివర్లకి కాయ ఉంటే వచ్చే వేసవికి ఏర్పాట్లు మొదలు. అక్కడ వేసవి అంటే మనకి సంక్రాంతి రోజులు.

"బాగా మేపితే" అన్నారే, అసలు చిక్కు అక్కడే ఉంది. గుళికల మేత పెట్టి ఏటా గుడ్లు పెట్టించాలని చూశారు, రిము కాయనప్పుడు అవి పెట్టలేదు. కాసిన ఏడాది పెట్టాయి గానీ, బాగా మేపిన తల్లులకి పుట్టినవి ఎక్కువగా మగపిల్లలు. బలిసిన తల్లికి బలమైన కొడుకు పుడితే, ఆ గుంటల దగ్గర పోటీలో గెలిచి ఎక్కువమందికి తండ్రి అవుతాడు, ప్రకృతి లెక్క అది. మనకి కావలసింది ఆడపక్షులు. అందుకని పద్ధతి మార్చారు. గుడ్లు పెట్టక ముందు ఆడదాని బరువు కిలోన్నర దాటకుండా మేతని పట్టి ఇస్తారు, పెట్టేశాక పిల్లల కోసం పెంచుతారు. 2002లో అలా చేసినప్పుడు 24 పిల్లలు దక్కాయి, మొత్తం 62 నుంచి 86కి పెరిగింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో మలుపు ఇదే. మీ పిల్లలకి ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఇది తప్పక చెప్పండి.

గువ్వల_వైద్యం:
బాట గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. గుడ్ల సంగతి నేను రాస్తాను.

పెట్టినప్పుడు గుడ్డు సుమారు 40 గ్రాములు, మన నాటు కోడి గుడ్డంత. ఒక్కో ఆడది ఒకటి నుంచి నాలుగు పెడుతుంది, గుడ్డుకి గుడ్డుకి దాదాపు మూడు రోజుల ఎడం. పొదుగు 30 రోజులు. మేతకి తల్లే వెళ్ళాలి కాబట్టి రాత్రి కొంతసేపు గూడు ఖాళీ. ఒకప్పుడు గూటి పక్కనే మనుషులు రాత్రంతా కూర్చుని, తల్లి బయటికి వెళ్ళగానే గుడ్ల మీద చిన్న వెచ్చటి దుప్పటి కప్పేవారు. ఇప్పుడు కెమెరాలు చాలావరకు చూసుకుంటున్నాయి.

"మురిగిన" గుడ్డు అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో రెండు రకాలు. ఒకటి అసలు ఫలదీకరణే జరగనిది. రెండోది జరిగి, పిండం మొదటి నాలుగైదు రోజుల్లోనే చనిపోయింది. టార్చి వెలుగులో రెండూ ఖాళీగానే కనిపిస్తాయి. గుడ్డు పగలగొట్టి, పచ్చసొన మీది సన్నటి పొరకి మెరిసే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తేనే వీర్యకణాలు, పిండకణాలు బయటపడతాయి. ఖాళీ అని రాసుకున్న వాటిలో కొన్ని నిజానికి మొదలై ఆగిపోయినవని అలాగే తేలింది. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే మందు వేరు. ఫలదీకరణే లేకపోతే మగదాన్ని అనుమానించాలి, రెండోసారి కలిసేలా చూడాలి, లేదా కృత్రిమ గర్భధారణ చేయాలి. ఒకటికి రెండుసార్లు కలిసిన ఆడవాటి గుడ్లే ఎక్కువ నిలుస్తాయి. పిండం మొదట్లోనే పోతే దగ్గరి రక్తసంబంధం, వేడి, కదిలించిన తీరు చూడాలి. కాకాపోలో కృత్రిమ గర్భధారణ మొదట ఫలించింది 2009లో. 2019లో వీర్యాన్ని దీవిలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి డ్రోన్ మీద పంపారు, నడిచి తెచ్చేలోపు పాడవకూడదని.

యంత్రం గురించి. మొదటి కొన్ని రోజులు తల్లి కిందే ఉంచి తర్వాత తీయడం మేలు. మొదటి రోజు నుంచీ యంత్రంలో పెట్టిన చిలక గుడ్డు అంత బాగా నిలవదు. చిలకలకి సాధారణంగా 37.2 నుంచి 37.5 డిగ్రీలు. రోజూ ఒకే వేళకి తూచాలి. పొదుగు అయ్యేసరికి మొదటి బరువులో సుమారు 15 శాతం నీరు పోవాలి. తక్కువ పోతే పిల్ల ఉబ్బి, గాలి అర చాలక లోపలే చస్తుంది. ఎక్కువ పోతే పొర ఎండి పిల్లకి అతుక్కుంటుంది, తిరగలేదు. తేమ మార్చినా దారికి రాని గుడ్డుకి, ఎక్కువ పోతుంటే పెంకు మీద కొంతమేర మైనం పూస్తారు, తక్కువ పోతుంటే పెంకుని సన్నటి ఉప్పుకాగితంతో కొద్దిగా అరగదీస్తారు. రెండూ అనుభవం ఉన్న చేతి పనులు.

తల్లి గూట్లో ఈలోపు నకిలీ గుడ్లు ఉంటాయి, లేకపోతే గూడు వదిలేస్తుంది. 2019లో కొన్ని తల్లుల దగ్గర మొదటి గుడ్లన్నీ తీసేసి రెండో విడత పెట్టించారు. ఆ ఏడాది 250కి పైగా గుడ్లు, 70కి పైగా పిల్లలు. నష్టం ఎంతో ఆ రెండు అంకెల మధ్యే కనిపిస్తుంది.

పిల్లకి చేత్తో తినిపించే మేత 39, 40 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లారితే మెడ కింది తిండి సంచిలో పులిసిపోతుంది. 43 దాటితే సంచి గోడ కాలి, కొన్నాళ్ళకి చిల్లు పడుతుంది. ప్రతి పూటా థర్మామీటర్ పెట్టాల్సిందే, వేలితో చూసి సరే అనుకోవడం కుదరదు. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ఒంటరిగా పెంచకూడదు. 1997లో పుట్టిన సిరోకో అనే మగపిల్లని ఊపిరి జబ్బు వల్ల తీసి విడిగా పెంచితే, పెద్దయ్యాక అది మనుషులనే తన జాతి అనుకుంది, సాటి పక్షులతో కలవలేదు. ఇప్పుడు పిల్లల్ని గుంపుగా పెంచి, వీలైనంత త్వరగా తల్లికో, పెంపుడు తల్లికో అప్పగిస్తారు.

గూడు తడిగా ఉంటే బూజు. 2019లో ఆస్పర్జిల్లస్ అనే బూజు ఊపిరితిత్తుల్లో చేరి 9 పక్షులు చనిపోయాయి. జబ్బుపడ్డవాటికి సీటీ స్కాన్లు తీసి, మందుని ఆవిరిగా పట్టించాల్సి వచ్చింది. అందుకే గూళ్ళలోకి వాన నీరు రాకుండా చూడడం, పొడి మట్టి, చెక్కపొట్టు వేయడం కూడా ఈ పనిలో భాగమే.

పీణ్య_రేడియో:
పైవాళ్ళు చెప్పిన పనులన్నీ సాగాలంటే ఏ పక్షి ఎప్పుడు ఎక్కడ ఉందో తెలియాలి కదండీ. ప్రతి కాకాపో వీపు మీద సంచిలా కట్టిన వీహెచ్ఎఫ్ ట్రాన్స్‌మిటర్ (రేడియో సంకేతాలు పంపే చిన్న పరికరం) ఉంటుంది, ఏడాదికోసారి పట్టుకుని మారుస్తారు. బ్యాటరీ అంతకు మించి నమ్మకం కాదు, ఆ పట్టుకున్నప్పుడే ఒళ్ళు పరీక్ష, తూకం కూడా అయిపోతాయి. తాడు బిగుతైతే రెక్క కింద ఒరుసుకుని పుండు పడుతుంది. వదులైతే కాలో ముక్కో ఇరుక్కుంటుంది. ఎదిగే పిల్లలకి తరచూ సరిచేయాలి.

మగదాని ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వచ్చిన ఆడదాని సంకేతాన్ని, ఎంతసేపు ఉందో కూడా రాసుకుంటుంది. మర్నాడు ఆ వివరాన్ని తన బీప్‌ల మధ్య వ్యవధిలోనే పంపిస్తుంది. దాన్నిబట్టి ఎవరు ఎవరితో కలిశారో, ఎంత బాగా కలిశారో తెలుస్తుంది. కలయిక చాలదనిపిస్తే మొదటి గుడ్డు పెట్టేలోపే వైద్యుల్ని పిలవాలి. ఆడదానిది ఇంకో లెక్క: అది కదిలే సమయం ఒక్కసారిగా తగ్గిందంటే గూట్లో కూర్చుందన్నమాట. మేత డబ్బాలదీ ఇదే పద్ధతి. వచ్చిన పక్షి సంకేతం చదివి, దానికి ఈరోజు రాసిన మేత ఉంటేనే మూత తెరుచుకుంటుంది. బాట గారు చెప్పిన కిలోన్నర అదుపు ఇది లేకుండా సాగదు. పక్షి పక్షికీ విడిగా మేత కొలవాలంటే అడవిలో మనిషి వల్ల అయ్యే పని కాదు.

వైట్‌ఫీల్డ్_శారద:
ఎంత వివరంగా చెప్పారండీ, చాలా సంతోషం. ఒక్క అనుమానం. ఇంత పని చేసినా సంఖ్య 250 దగ్గరే ఎందుకు ఆగింది? పిల్లలకి చూపించేది కూడా చెప్పండి. ఇంట్లో రామచిలుక ఉన్నవాళ్ళు ఒకరు తెస్తామంటున్నారు.

రోళ్ళపాడు_బాట:
రామచిలుక వద్దండీ. 1972 వన్యప్రాణి చట్టం కింద మన చిలకల్ని పంజరంలో పెట్టడమే నేరం, పిల్లల ముందు అది మామూలే అన్నట్టు చూపించకూడదు.

సంఖ్యకి అడ్డు ఇప్పుడు చోటు. కాకాపో నేల మీద బతుకుతుంది, ఒళ్ళు తియ్యటి వాసన వేస్తుంది, ప్రమాదం వస్తే కదలకుండా నిలబడిపోతుంది. పైనుంచి చూసే గద్దకి అది సరిపోయేది, వాసన పట్టే స్టోట్ (ముంగిసలాంటి చిన్న వేటజంతువు), పిల్లి, ఎలుకల ముందు పనిచేయదు. 1894 నుంచి రిచర్డ్ హెన్రీ అనే ఆయన వందల కాకాపోల్ని రిజల్యూషన్ దీవికి చేరిస్తే, 1900లో స్టోట్‌లు ఈదుకుంటూ అక్కడికీ వచ్చాయి. అందుకే ఆ జంతువులు లేని దీవుల్లోనే ఉంచుతున్నారు. వెనువా హౌ అనే దీవిలో 1998లో ఎలుకల్ని పూర్తిగా తీసేశారు. అలాంటి దీవులు నిండిపోతున్నాయి. 2023లో మవుంగటౌటారి అనే కంచె కట్టిన అడవిలో మగవాటిని వదిలి చూశారు. కొన్ని చెట్లెక్కి కంచె దాటేశాయి. ఎగరలేకపోయినా బాగా ఎక్కగలవు.

ఇంకోటి రక్తసంబంధం. బతికి ఉన్నవన్నీ దాదాపు న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న స్టీవార్ట్ దీవి సంతతే. నైరుతి మూలనున్న ఫియోర్డ్‌లాండ్ నుంచి దక్కినది ఒక్క మగదే, దానికీ రిచర్డ్ హెన్రీ అనే పేరు పెట్టారు. 1998లో ఫ్లాసీ అనే ఆడదానితో దానికి మూడు పిల్లలు కలిగాయి. ఆ వంశాన్ని విస్తరించాలి కాబట్టి, ఒకే మగది చాలా పిల్లలకి తండ్రి అయితే దాన్ని వేరే దీవికి తరలిస్తారు. అప్పటికి బతికున్న దాదాపు ప్రతి కాకాపో జన్యుపటాన్ని చదివించింది కూడా ఇలాంటి నిర్ణయాల కోసమే.

గువ్వల_వైద్యం:
చూపించడానికి నాటు కోడి గుడ్లు చాలు, తూకం కూడా దగ్గరగానే ఉంటుంది. కొట్లో దొరికే తెల్ల గుడ్లు కొనకండి, అవి పుంజు లేని ఫారాలవి. పుంజు ఉన్న చోట నుంచి ఆరు తీసుకోండి. హెసరఘట్టలోని కేంద్ర కోళ్ళ సంస్థలో పొదిగే గుడ్లు అమ్ముతారు, ముందు ఫోన్ చేసి వెళ్ళండి.

పొదగకుండానే చూపించేది ఒకటుంది. ఒక కొట్టు గుడ్డు, ఒక పుంజు ఉన్న గుడ్డు విడివిడి గిన్నెల్లో పగలగొట్టండి. పచ్చసొన మీద తెల్లచుక్క పైకి వచ్చేదాకా మెల్లగా తిప్పండి. ఫలదీకరణ కానిదాంట్లో చుక్క చిన్నగా, అంచులు చెదిరి, ముద్దగా ఉంటుంది. అయినదాంట్లో కాస్త పెద్దగా, గుండ్రంగా, మధ్య పలచగా గాజు లాగా, చుట్టూ ఉంగరంలా ఉంటుంది. భూతద్దం ఇస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

పొదగాలంటే 37.5 డిగ్రీలు, తేమ 50 నుంచి 55 శాతం. పెన్సిలుతో ఒక పక్క గుర్తు పెట్టి రోజుకి కనీసం మూడుసార్లు తిప్పండి. 0.1 గ్రాము చూపే కాటా కావాలి. 45 గ్రాముల గుడ్డు 18 రోజుల్లో ఐదారు గ్రాములు తగ్గాలి, అంటే రోజుకి 0.3 గ్రాము. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు. గాలి పలచన కాబట్టి ఇక్కడ నీరు కాస్త వేగంగా పోతుంది, ఫిబ్రవరి మార్చి పొడిగాలిలో ఇంకా ఎక్కువ. 0.4 దాటుతుంటే నీళ్ళ పళ్ళెం వెడల్పైనది పెట్టండి, లోతైనది పెడితే లాభం లేదు. ఏడో రోజు చీకటి గదిలో టార్చి మీద పెట్టి చూడండి: సాలెగూడులా నరాలు ఉంటే బతికే ఉంది, ఎర్రటి వలయం ఒక్కటే ఉంటే మొదలై చనిపోయింది, ఏమీ లేకపోతే ఫలదీకరణ లేనిదో, మరీ మొదట్లోనే పోయిందో. ఆ మూడోదాన్ని చూపించి, ఏది అయ్యుంటుందో చెప్పమని పిల్లలనే అడగండి.

కోడిపిల్లల్ని 21 రోజుల తర్వాత తీసుకునేవాళ్ళు ముందే కుదిరితేనే పొదగండి. లేకపోతే పచ్చసొన పరీక్షతో ఆపేయండి.